టైపు చేసిన వరుసలోంచి సంఖ్యలు: జావాలో గణిత సమాసాల పఠనం

జావా నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి తొలి నెలల్లోనే ఎదురయ్యే అభ్యాసం క్యాలిక్యులేటర్. దాని మొదటి రూపం తేలికే. ఒక సంఖ్య అడిగి, గుర్తు అడిగి, రెండో సంఖ్య అడిగి ఫలితం చూపిస్తే సరిపోతుంది. రెండో రూపంలో వాడేవారు "12+7*3" అంటూ లెక్కంతా ఒకే వరుసలో టైపు చేసి ఎంటర్ నొక్కుతారు. ఏది సంఖ్య, ఏది గుర్తు, ఒక సంఖ్య ఎక్కడ ముగిసింది, తర్వాతిది ఎక్కడ మొదలైంది అన్నది ఇక ప్రోగ్రామే తేల్చుకోవాలి. ఇలా అక్షరాల వరుసను ముక్కలుగా విడదీసి, ఆ ముక్కల మధ్య సంబంధాన్ని పట్టుకునే పనిని పార్సింగ్ అంటారు. చిన్న ప్రోగ్రాములో కనిపించే ఈ పనే కంపైలర్లలోనూ, స్ప్రెడ్‌షీట్లలోనూ, ఫోనులోని క్యాలిక్యులేటర్‌లోనూ జరుగుతుంది.

ఇలాంటి వరుసను తరగతిలో చాలామంది ఈక్వేషన్ అనేస్తారు. మన గణిత పాఠ్యపుస్తకాల వాడుకలో సమానం గుర్తు ఉంటేనే సమీకరణం. అది లేనప్పుడు సమాసం. ఈ వ్యాసం ఎక్కువగా సమాసాల గురించే.

కూడికలు, గుణకారాలు యంత్రానికి క్షణంలో పని. శ్రమంతా లెక్కను చదవడంలోనే ఉంది. ముక్కలు చేయడం, ముక్కకు విలువ కట్టడం, విలువలతో లెక్క చేయడం అనేవి మూడు వేర్వేరు పనులు. కొత్తవారి ప్రోగ్రాములు చిక్కుపడే సందర్భాల్ని విప్పి చూస్తే, ఈ మూడింటినీ ఒకే లూపులో కలిపేసి రాయడమే చాలాసార్లు కారణంగా తేలుతుంది.

అంకె గుర్తు, అంకె విలువ

"12+7*3" అన్నది జావా దృష్టిలో ఆరు అక్షరాల స్ట్రింగ్. అందులో పన్నెండు అనే సంఖ్య లేదు. ఒకటి ఆకారం, రెండు ఆకారం పక్కపక్కన ఉన్నాయంతే. ఆ ఆరు అక్షరాలు మెమరీలో 49, 50, 43, 55, 42, 51 అనే కోడ్‌లుగా ఉంటాయి. ఒకటి అనే గుర్తు కోడ్ 49, సున్నా గుర్తు కోడ్ 48, ప్లస్ గుర్తు కోడ్ 43.

ఈ తేడా తెలియకపోతే రెండు వింత ఫలితాలు ఎదురవుతాయి. 3, 4 అనే స్ట్రింగ్‌ల మధ్య ప్లస్ పెడితే జావా వాటిని అంటించి 34 ఇస్తుంది. అవే ఒంటి కోట్ల మధ్య ఉన్న చార్ విలువలైతే కోడ్‌లు కూడి, అంటే 51కి 52 కలిపి, 103 ఇస్తుంది. ఏడు మాత్రం ఎటు చూసినా రాదు. కంపైలర్ ఏ తప్పూ చూపించదు కాబట్టి విద్యార్థి తన తర్కంలోనే లోపం ఉందనుకుని చాలాసేపు అక్కడే వెతుకుతాడు. చార్ నుంచి సున్నా గుర్తును తీసివేస్తే అసలు విలువ వస్తుంది: 51లోంచి 48 పోతే 3. ఆస్కీ పట్టికలో 0 నుంచి 9 వరకు గుర్తుల్ని వరుసగా పేర్చారు కాబట్టే ఈ కిటుకు పనిచేస్తుంది. దీని పరిమితి ఏమిటో తెలుగు అంకెల దగ్గర చూద్దాం.

వరుసను తీసుకోవడం

సన్ మైక్రోసిస్టమ్స్ జావాను 1995లో లోకానికి చూపింది; జేడీకే 1.0 1996 జనవరిలో వచ్చింది. కీబోర్డు నుంచి చదవడానికి ఈ రోజు అందరూ వాడే స్కానర్ అప్పట్లో లేదు. అది 2004లో జావా 5తో వచ్చింది. అంతకుముందు బఫర్డ్ రీడర్, దాని లోపల ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్, దానిలో సిస్టమ్ డాట్ ఇన్ అని ఒకదాన్ని ఒకటి చుట్టుకుంటూ రాయాల్సి వచ్చేది.

స్కానర్ సౌకర్యమే గానీ గణిత సమాసాల విషయంలో తప్పుదారి కూడా పట్టిస్తుంది. దానిలోని నెక్స్ట్‌ఇంట్ మెథడ్ పేరు చూసి "వరుసలో వచ్చే తర్వాతి సంఖ్యను ఇస్తుంది" అని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి స్కానర్ ఖాళీల దగ్గర మాత్రమే ముక్కలు చేస్తుంది. "12 + 7" అని ఎడంగా టైపు చేస్తే 12 చేతికొస్తుంది. "12+7" అని కలిపి టైపు చేస్తే మొత్తం ఒకే ముక్క. అది పూర్ణాంకం కాదు కాబట్టి ఇన్‌పుట్ మిస్‌మ్యాచ్ ఎక్సెప్షన్ వస్తుంది. పైగా ఆ పనికిరాని ముక్క వరుసలోంచి తొలగిపోదు, అక్కడే ఉండిపోతుంది. ఎక్సెప్షన్‌ను పట్టుకుని "మళ్లీ టైపు చేయండి" అని లూపు తిప్పితే, అదే ముక్క మళ్లీ మళ్లీ తగిలి తెర నిండా ఆ సందేశమే పరుగులు తీస్తుంది.

నెక్స్ట్‌ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ పిలిస్తే ఖాళీ స్ట్రింగ్ రావడం ఇంకో ప్రసిద్ధమైన ఇబ్బంది. నెక్స్ట్‌ఇంట్ అంకెల్ని తీసుకుని ఎంటర్ గుర్తును వదిలేస్తుంది. నెక్స్ట్‌లైన్‌కు ఆ మిగులు మాత్రమే దొరుకుతుంది. సమాసాలు చదివే ప్రోగ్రాములో మొదటి నుంచీ నెక్స్ట్‌లైన్ ఒక్కటే వాడి, వరుసంతా స్ట్రింగ్‌గా తెచ్చుకుని, మిగతా పనంతా మన చేతుల్లో ఉంచుకోవడం మేలు.

ముక్కలు చేసే సాధనాలు

చాలామంది చెయ్యి ముందుగా స్ప్లిట్ మీదికి వెళుతుంది. 2002లో జావా 1.4తో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో పాటే వచ్చిన మెథడ్ ఇది. ప్లస్ గుర్తు దగ్గర విడదీయమని ఇస్తే, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ప్లస్‌కు ప్రత్యేక అర్థం ఉన్నందున ప్రోగ్రాము ఆగిపోతుంది. ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టాలి, లేదా [+] అని చదరపు బ్రాకెట్లలో ఉంచాలి. చుక్క దగ్గర విడదీయమంటే ఇంకా వింత: చుక్కకు "ఏ అక్షరమైనా" అని అర్థం కాబట్టి వరుసంతా విభజన గుర్తులే అయిపోయి, ఒక్క ముక్క కూడా మిగలదు.

ఈ చిక్కులు ఒక్కసారి తెలిస్తే దాటిపోతాయి. స్ప్లిట్‌లో అంతకంటే లోతైన లోపం ఏమిటంటే అది సంఖ్యల్ని ఇచ్చి గుర్తుల్ని పారేస్తుంది. "12+7*3"ని గుర్తుల దగ్గర కోస్తే 12, 7, 3 వస్తాయి. కూడాలా, గుణించాలా అన్న సమాచారం నేల మీద రాలిపోయింది. చివర్లో ఏమీ లేని ముక్కల్ని కూడా అది చెప్పకుండా తీసేస్తుంది కాబట్టి "5+" అని సగంలో ఆగిన లెక్క కూడా సజావుగా 5 అనిపించుకుంటుంది. వాడేవారి తప్పును కప్పిపెట్టే సాధనం క్యాలిక్యులేటర్‌కు పనికిరాదు.

హైదరాబాదు, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూల అనుబంధ కళాశాలల్లో చదివినవారికి ఇక్కడ స్ట్రింగ్ టోకెనైజర్ గుర్తుకు రావాలి. ఒక వరుసలో ఇచ్చిన పూర్ణాంకాల్ని విడివిడిగా చూపి, వాటి మొత్తం కట్టే ప్రోగ్రాము జావా ల్యాబ్ రికార్డుల్లో ఏళ్ల తరబడి ఉంది. దాన్ని ఈ క్లాసుతోనే రాయించేవారు. జేడీకే 1.0 నాటి ఈ క్లాసును కొత్త ప్రోగ్రాముల్లో వాడవద్దని జావా పత్రాలే సూచిస్తున్నాయి. అయినా మన పనికి కావలసిన గుణం ఒకటి దానిలో ఉంది. దాన్ని సృష్టించేటప్పుడు మూడో విలువగా ట్రూ ఇస్తే విభజన గుర్తుల్ని కూడా ముక్కలుగా తిరిగి ఇస్తుంది. "12+7*3"కి 12, +, 7, *, 3 అని అయిదు టోకెన్లు, అంటే ముక్కలు, వరుస తప్పకుండా వస్తాయి. రికార్డులో ఆ ప్రోగ్రాము రాసినవారిలో ఈ మూడో విలువ సంగతి తెలిసినవారు తక్కువే అనిపిస్తుంది. తెలిసి ఉంటే అదే ప్రోగ్రాము నాలుగు లైన్ల తేడాతో క్యాలిక్యులేటర్‌కు పునాది అయ్యేది.

పేరులో దీనికి దగ్గరగా ఉండే స్ట్రీమ్ టోకెనైజర్ వేరే రకం. అది సంఖ్యల్ని తానే గుర్తించి డబుల్ విలువలుగా ఇస్తుంది. కానీ దాని సహజ ధోరణిలో మైనస్ గుర్తు సంఖ్యలో భాగం. "3-4" ఇస్తే 3 అని ఒకటి, -4 అని ఇంకొకటి వస్తాయి, తీసివేత మాయమవుతుంది. భాగహారపు గీత దానికి కామెంట్ గుర్తు కాబట్టి "8/2"లో గీత తర్వాత ఉన్నదంతా వదిలేస్తుంది. ఈ రెండింటినీ మామూలు అక్షరాలుగా చూడమని ముందే చెప్పుకోవాలి.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మీద పట్టు ఉన్నవారికి ప్యాటర్న్, మ్యాచర్ జంట ఉంది. [0-9]+([.][0-9]+)? అనే నమూనా దశాంశం ఉన్న సంఖ్యనూ, లేని సంఖ్యనూ పట్టుకుంటుంది. గుర్తులకు ఇంకో నమూనా కలిపి వరుస మొదటి నుంచి చివరిదాకా ఒక్కో ముక్కనూ లాగవచ్చు. నమూనాకు అందని అక్షరాల్ని ఫైండ్ మెథడ్ నిశ్శబ్దంగా దాటేస్తుంది కాబట్టి, ఒక ముక్క ముగిసిన చోటే తర్వాతిది మొదలైందో లేదో సరిచూసుకోవాలి.

ఒక్కో అక్షరం మీదుగా నడవడం

కొత్తవారు కనీసం ఒక్కసారైనా సాధనాలన్నీ పక్కనపెట్టి, ఫర్ లూపుతో, చార్‌ఎట్‌తో, స్వయంగా ఈ పని చేయాలన్నది నా దృఢమైన అభిప్రాయం. పార్సింగ్ అంటే ఏమిటో అప్పుడే ఒంటబడుతుంది.

"472-15" తీసుకుందాం. విలువ అనే వేరియబుల్ సున్నాతో మొదలవుతుంది. 4 ఎదురైంది; సున్నాను పదితో గుణించి 4 కలిపితే 4. తర్వాత 7, 4ను పదితో గుణించి 7 కలిపితే 47. తర్వాత 2, 472. ఇప్పుడు మైనస్ తగిలింది. అంకె కాదు కాబట్టి సంఖ్య పూర్తయింది. 472ను జాబితాలో వేసి, మైనస్‌నూ వేసి, విలువను మళ్లీ సున్నా చేస్తాం. 1 వచ్చింది, 5 వచ్చింది, విలువ 15. వరుస అయిపోయింది.

బడిలో పెద్ద సంఖ్యను చదవమంటే మనం కుడి చివర వేలు పెట్టి ఒకట్లు, పదులు, వందలు, వేలు అని ఎడమకు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, అప్పుడు నోరు విప్పేవాళ్లం. ఎడమ నుంచి వచ్చే ప్రోగ్రాముకు ఆ వీలు లేదు. 4 కనబడిన క్షణంలో అది నాలుగో, నలభయ్యో, నాలుగు వందలో దానికి తెలియదు. తెలియనవసరం కూడా లేదు. కొత్త అంకె వచ్చిన ప్రతిసారీ అంతకుముందు వచ్చినవన్నీ ఒక్కో స్థానం పైకి జరుగుతాయి. ఒక స్థానం నుంచి తర్వాతి స్థానానికి విలువ పది రెట్లవుతుందని క్రీ.శ. 499 నాటిదిగా చెప్పే ఆర్యభటీయంలో ఉన్న సూత్రమే ఇక్కడ లూపులో ఒక లైనుగా నిలబడింది. బహుపదుల విలువ కట్టే ఈ గుణించి కలిపే పద్ధతికి పాశ్చాత్య గణితంలో హార్నర్ పేరు స్థిరపడింది.

పై నడకలో ఒక గొయ్యి ఉంది. జాబితాలో వేయడం మైనస్ తగిలినప్పుడే జరిగింది. 15 తర్వాత ఏ గుర్తూ తగలలేదు. లూపు ముగిశాక మిగిలిన విలువను విడిగా జాబితాలో వేయకపోతే చివరి సంఖ్య పోతుంది. "472-15"కి 472 అని జవాబు చూపే ప్రోగ్రాముల్లో నూటికి తొంభై వంతులు ఇదే కథ అనవచ్చు. వరుస చివర ఒక ఖాళీనో, సమానం గుర్తునో మనమే అంటించి లూపును నడిపితే ప్రత్యేకంగా గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది.

రెండో గొయ్యి సున్నాది. "విలువ సున్నా అయితే సంఖ్య ఏదీ రాలేదు" అని షరతు రాసుకుంటే "0*5"లోని సున్నా లెక్కలోకి రాదు. సంఖ్య మొదలైందా లేదా అన్నదానికి వేరే బూలియన్ ఉండాలి. లేదా అంకెల్ని స్ట్రింగ్ బిల్డర్‌లో పోగుచేసి, అందులో అక్షరాలున్నాయో లేదో చూసుకోవాలి. దశాంశ బిందువు వచ్చే సమాసాలకు ఈ రెండోదే మంచిది. బిందువు తర్వాతి అంకెల్ని మనమే పదితో, వందతో భాగిస్తూ కలిపితే చిన్నచిన్న దోషాలు పోగుపడతాయి. పోగుచేసిన అక్షరాలన్నీ ఒకేసారి పార్స్‌డబుల్‌కు ఇస్తే సాధ్యమైనంత దగ్గరి విలువ వస్తుంది. "12.3.4" లాంటిది ఇస్తే చుక్కలు ఎక్కువయ్యాయని అదే చెబుతుంది.

మైనస్ గుర్తు

ప్లస్, గుణకారం, భాగహారం తమ పని తాము చేసుకుపోతాయి. మైనస్‌కు మాత్రం రెండు కొలువులు. "8-3"లో అది తీసివేత. "-8+3"లో ఎనిమిది రుణ సంఖ్య అని చెప్పే చిహ్నం. గుర్తు ఒకటే, కోడ్ 45 కూడా ఒకటే. దాని అర్థం దాని ఎడమ పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

నియమం చిన్నదే. మైనస్ వరుసలో మొట్టమొదట ఉన్నా, ఇంకో గుర్తు తర్వాత ఉన్నా, తెరిచిన బ్రాకెట్ తర్వాత ఉన్నా అది రుణ చిహ్నం. సంఖ్య తర్వాతనో, మూసిన బ్రాకెట్ తర్వాతనో ఉంటే తీసివేత. "8--3"ని ఈ నియమంతో చదివితే మొదటి మైనస్ ఎనిమిది తర్వాత ఉంది కాబట్టి తీసివేత, రెండోది గుర్తు తర్వాత ఉంది కాబట్టి చిహ్నం; జవాబు 11. ఇందుకోసం ప్రోగ్రాము ఇంతకుముందు చదివిన టోకెన్ ఏమిటో గుర్తుపెట్టుకోవాలి. స్ప్లిట్‌కు అలాంటి జ్ఞాపకం లేదు. "-5-3"ను మైనస్ దగ్గర కోస్తే ముందు ఒక ఖాళీ స్ట్రింగ్, తర్వాత 5, 3 వస్తాయి. ఆ ఖాళీ స్ట్రింగ్‌ను పార్స్‌ఇంట్‌కు ఇచ్చినప్పుడు వచ్చే నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షన్ సందేశంలో కోట్ల మధ్య ఏమీ ఉండదు. కొత్తవారికి అది ఎందుకు వచ్చిందో అంతుచిక్కదు.

రుణ చిహ్నాన్ని సంఖ్యకు అంటించేయడం సులువైన దారి. "-(3+4)" వచ్చినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే అంటించడానికి పక్కన సంఖ్య లేదు. దాన్ని ఒకే విలువ తీసుకునే ప్రత్యేక ఆపరేటర్‌గా చూడటం సరైన దారి. అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది: -2 మీద ఘాతం 2 అంటే 4 కావాలా, -4 కావాలా? ఎక్సెల్ 4 ఇస్తుంది, పైథాన్ -4 ఇస్తుంది. గణితంలో ఘాతాన్నే ముందు చూస్తారు కాబట్టి -4 వైపే మొగ్గు ఉండాలి. జావాలో ఘాతానికి గుర్తే లేదు. టోపీ గుర్తు అక్కడ ఎక్స్‌క్లూజివ్ ఆర్. జావా కోడ్‌లో 2^3 అని రాస్తే ఎనిమిది రాదు, ఒకటి వస్తుంది.

వర్డ్ ఫైలు నుంచో, వాట్సాప్ నుంచో కాపీ చేసిన లెక్కల్లో మైనస్ కూడా మారువేషంలో ఉండవచ్చు. కొంచెం పొడవైన గీత, గణితపు మైనస్ కంటికి ఒకేలా ఉంటాయి గానీ వాటి కోడ్‌లు వేరు. గుణకారానికి ×, భాగహారానికి ÷ టైపు చేసేవారూ ఉంటారు. చదవడానికి ముందే వీటన్నింటినీ మామూలు గుర్తులుగా మార్చుకుంటే వాడేవారి మీద కోప్పడే అవసరం రాదు.

ముక్కకు విలువ కట్టడం

పార్స్‌ఇంట్ కచ్చితమైన మనిషి లాంటిది. " 12" అని ముందు ఒక్క ఖాళీ ఉన్నా ఒప్పుకోదు, "12.0" అన్నా ఒప్పుకోదు. ముందు ప్లస్ గుర్తు ఉన్న సంఖ్యను కూడా జావా 7 నుంచే అంగీకరిస్తోంది. పార్స్‌డబుల్ ధోరణి వేరు. అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని తానే తీసేస్తుంది. 12 పక్కన ఇంగ్లిషు అక్షరం డి ఉన్నా 12.0 అంటుంది; జావా కోడ్‌లో డబుల్ సంఖ్యను అలా రాయవచ్చు కాబట్టి. క్యాలిక్యులేటర్ ముందు కూర్చున్నవారు పొరపాటున నొక్కిన అక్షరం ఇలా చడీచప్పుడు లేకుండా ఆమోదం పొందుతుంది. పార్స్‌డబుల్‌కు ఇచ్చే ముందే ముక్కలో అంకెలు, ఒక చుక్క తప్ప ఇంకేమీ లేవని చూసుకోవడానికి ఇదే కారణం.

ఇంట్ రకానికి హద్దు 2,147,483,647. ఈ హద్దు ఎంత దగ్గరలో ఉందో తెలియాలంటే మన ఫోను నంబరును పార్స్‌ఇంట్‌కు ఇచ్చి చూడాలి. భారతదేశపు మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. కాబట్టి వాటిలో ఏ ఒక్కటీ ఇంట్‌లో పట్టదు. పార్స్‌ఇంట్ అయితే ఎక్సెప్షన్ వేసి చెబుతుంది. మనం లూపులో పదితో గుణించి కలిపే పద్ధతి చెప్పదు. 3000000000 టైపు చేస్తే అది -1294967296 అయిపోయి, లెక్క యథావిధిగా సాగిపోతుంది. లాంగ్ వాడితే హద్దు 9,223,372,036,854,775,807 దాకా వెళుతుంది. అదీ చాలకపోతే బిగ్‌ఇంటీజర్ ఉంది.

7/2కి జావా 3 ఇవ్వడం, పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే ఎక్సెప్షన్ రావడం, డబుల్‌లో అదే భాగహారానికి ఇన్ఫినిటీ రావడం పాఠ్యపుస్తకాల్లో ఉండేవే. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డబుల్ సంఖ్యల్ని ద్విసంఖ్యా భిన్నాలుగా దాస్తారు, పదో వంతుకు ఆ రూపంలో అంతం లేదు. డబ్బు లెక్కలకు బిగ్‌డెసిమల్ వాడాలి, దానికి విలువను స్ట్రింగ్‌గానే ఇవ్వాలి. మన చేతిలో ఉన్నది ఎలాగూ టైపు చేసిన స్ట్రింగే కాబట్టి మధ్యలో డబుల్‌గా మార్చి పాడుచేసుకోకూడదు.

అక్షరాల్ని సంఖ్యగా మార్చడం చిన్నపని అనుకునేవారికి 2011 సంఘటన ఒకటి చెప్పాలి. 2.2250738585072012 × 10⁻³⁰⁸ అనే సంఖ్యను స్ట్రింగ్‌గా ఇస్తే పార్స్‌డబుల్ ఎప్పటికీ తిరిగి వచ్చేది కాదు. దగ్గరి విలువ కోసం రెండు సంఖ్యల మధ్య ఊగుతూ లూపులో చిక్కుకునేది. దాదాపు అలాంటి సంఖ్యతోనే పీహెచ్‌పీ భాష కూడా ఆగిపోతోందని అదే ఏడాది జనవరిలో బయటపడింది. వెబ్ సర్వర్లకు ఒక్క సంఖ్య పంపి వాటిని నిలిపేసే ప్రమాదం ఉన్నందున, అప్పటికి జావాను చూసుకుంటున్న ఒరాకిల్ ఫిబ్రవరిలో అత్యవసర సవరణ విడుదల చేసింది. భాషను తయారుచేసినవారి చేతిలోనే, ఇన్నేళ్ల తర్వాత, అదీ సంఖ్యను చదివే చోట!

కామాలు, తెలుగు అంకెలు

మనం లక్షను 1,00,000 అని రాస్తాం. పార్స్‌ఇంట్‌కు కామా అంటేనే పడదు. స్కానర్ నెక్స్ట్‌ఇంట్ కామాను ఒప్పుకునే లొకేల్‌లో (ప్రాంతపు అమరికలో) కూడా మూడేసి అంకెల గుంపులే కోరుతుంది: 100,000 చెల్లుతుంది, 1,00,000 చెల్లదు. నంబర్ ఫార్మాట్ క్లాసు రెండింటినీ లక్షగానే చదువుతుంది, ఎందుకంటే చదివేటప్పుడు అది కామాల చోటు పట్టించుకోదు. ఆ క్లాసుకు ఇంకో అలవాటుంది: తనకు అర్థమైనంతవరకు చదివి మిగతాది వదిలేస్తుంది. "12+7"కి 12 అని ఊరుకుంటుంది. పార్స్ పొజిషన్ అనే వస్తువును తోడిస్తే ఎక్కడ ఆగిందో కూడా చెబుతుంది, అప్పుడు ఆ అలవాటే మనకు ఉపకరణం అవుతుంది. జర్మనీ లొకేల్‌లో కామాయే దశాంశ బిందువు అన్న సంగతి అక్కడున్న తెలుగు విద్యార్థులకు స్కానర్ నెక్స్ట్‌డబుల్ దగ్గర అనుభవంలోకి వస్తుంది, 3.5 అని టైపు చేస్తే అది తిరగ్గొడుతుంది.

ఇక తెలుగు అంకెలు. జావాలో చార్ మొదటి నుంచీ యూనికోడ్ అక్షరమే. పార్స్‌ఇంట్ లోపల ప్రతి అక్షరాన్నీ యూనికోడ్ పట్టికలోని అంకె విలువతో చూస్తుంది. అందువల్ల "౪౭" అని ఇస్తే చక్కగా 47 ఇస్తుంది. ఐజ్‌డిజిట్ కూడా ౩ను అంకె అనే అంటుంది. కానీ సున్నా గుర్తును తీసివేసే పాత కిటుకు ఇక్కడ బోల్తా కొడుతుంది: ౩ కోడ్ 3177, అందులోంచి 48 పోతే 3129. మూడు టైపు చేస్తే మూడు వేల నూట ఇరవై తొమ్మిది. పార్స్‌డబుల్‌కైతే తెలుగు అంకెలు అసలు రావు, ఎక్సెప్షన్ వేస్తుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో [0-9] వాటిని దాటేస్తుంది. ఒకే భాషలో, ఒకే గ్రంథాలయంలో, ఒకే అంకె మీద ఇన్ని తీర్పులు! క్యారెక్టర్ క్లాసులోని డిజిట్ మెథడ్‌తో ప్రతి అంకె విలువనూ తీసుకుంటే అన్ని లిపుల అంకెలూ ఒకే దారిలోకి వస్తాయి. చిన్నపిల్లల కోసం తెలుగు అంకెల క్యాలిక్యులేటర్ చేయాలనుకునేవారికి ఇంతకంటే పెద్ద అడ్డంకి లేదు. పూర్వపు తెలుగు కొలతల్లో నాలుగో వంతుల లెక్కకు వాడిన భిన్న గుర్తులు కూడా 2008లో యూనికోడ్‌లో చేరాయి. అవి స్థానవిలువ గల అంకెలు కావు కాబట్టి ఐజ్‌డిజిట్ వాటిని లెక్కలోకి తీసుకోదు.

ప్రాధాన్యం

టోకెన్లు చేతికొచ్చాక ఎడమ నుంచి కుడికి చేసుకుపోతే 12+7*3 విలువ 57 అవుతుంది. చిల్లర కొట్లో ఉండే చవక క్యాలిక్యులేటర్ అలాగే చేస్తుంది. బడిలో నేర్చుకున్న బోడ్‌మాస్ ప్రకారం 33 రావాలి.

దీనికి బాగా పేరున్న పద్ధతిని డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1961లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రం నివేదికలో వివరించాడు. ఆల్గాల్ 60 కంపైలర్ రాసిన అనుభవంలోంచి వచ్చింది అది. పేరు షంటింగ్ యార్డు. గూడ్సు పెట్టెల్ని పక్క పట్టాల మీదికి తోసి, కావలసిన వరుసలో మళ్లీ తగిలించే పనిని రైల్వేవాళ్లు షంటింగ్ అంటారు. ఇక్కడా అంతే. సంఖ్యలకు ఒక స్టాకు (చివర పెట్టినదే ముందు తీసే దొంతర), గుర్తులకు ఒక స్టాకు. 12 సంఖ్యల స్టాకులోకి, ప్లస్ గుర్తుల స్టాకులోకి, 7 మళ్లీ సంఖ్యల్లోకి వెళతాయి. గుణకారం వచ్చినప్పుడు పైనున్న ప్లస్ దానికంటే బలహీనం కాబట్టి దాన్ని కదపకుండా గుణకారాన్ని దాని మీద పెడతాం. 3 వచ్చాక వరుస అయిపోయింది. పైనుంచి విప్పితే 7, 3 గుణించి 21. తర్వాత 12, 21 కూడి 33. కొత్తగా వచ్చిన గుర్తు పైనున్నదానికంటే బలమైనది కాకపోతే, పైదాన్ని ముందు పూర్తిచేయాలి. "8-3-2" ఏడు కాకుండా మూడు కావడానికి ఈ షరతులోని "సమానమైనా సరే" అన్న భాగమే ఆధారం.

బ్రాకెట్లు అక్కర్లేని రాతను పోలెండు తార్కికుడు యాన్ లుకాషెవిచ్ 1924లో రూపొందించాడు. దాన్ని తిరగేసిన పద్ధతిలోనే 1972 నాటి హెచ్‌పీ-35 జేబు క్యాలిక్యులేటర్ పనిచేసేది. వెంటనే లెక్క కట్టకుండా టోకెన్లను అలాగే రాసుకుంటూ పోతే షంటింగ్ యార్డు ఇచ్చేది కూడా ఆ తిరగేసిన రూపమే.

రెండో దారి రికర్సివ్ డిసెంట్. సమాసం అంటే కూడికలతో, తీసివేతలతో కలిసిన పదాలు. పదం అంటే గుణకార భాగహారాలతో కలిసిన కారకాలు. కారకం అంటే సంఖ్య, లేదా బ్రాకెట్లలో ఇంకో సమాసం. ఈ మూడు వాక్యాల్నీ మూడు మెథడ్లుగా రాస్తే చాలు. వ్యాకరణమే ప్రోగ్రాము అవుతుంది. రికర్షన్ అర్థమైన విద్యార్థికి స్టాకులకంటే ఇదే అందంగా కనిపిస్తుంది, నాకూ ఇదే ఇష్టం.

మూడో దారిగా, లెక్కను జావాస్క్రిప్ట్ ఇంజనుకు ఇచ్చి జవాబు తెప్పించుకోమని పాత పాఠాలు చెబుతాయి. 2014లో జావా 8తో వచ్చిన నాస్‌హార్న్ అనే ఆ ఇంజను 2020లో జావా 15 నుంచి తొలగిపోయింది. ఆ పాఠాల్ని ఇప్పుడు అనుసరిస్తే చేతికి నల్ వస్తుంది. ఉన్న రోజుల్లో కూడా, వాడేవారు టైపు చేసినదాన్ని ప్రోగ్రాముగా నడిపించడం ప్రమాదమే. లెక్క బదులు వాళ్లు ఏ ఆదేశమైనా టైపు చేయవచ్చు.

నిజమైన సమీకరణం వచ్చినప్పుడు, అంటే సమానం గుర్తుకు అటూ ఇటూ చరరాశులు ఉన్నప్పుడు, సంఖ్యల్ని చదవడంలో ఇంకో మెలిక ఉంది. 2ఎక్స్‌లో గుణకం కనిపిస్తుంది. ఒట్టి ఎక్స్‌లో కనిపించదు, ఒకటి అని మనం ఊహించుకోవాలి. ముందు మైనస్ ఉంటే -1. రాయని సంఖ్యను కూడా చదవాలన్నమాట.

తప్పు చెప్పే తీరు

వాడేవారు తప్పు టైపు చేయడం అరుదైన సంగతి కాదు, అది రోజూ జరిగేదే. బ్రాకెట్ మూయడం మరిచిపోతారు, రెండు గుర్తులు పక్కపక్కన పెడతారు, ఏమీ టైపు చేయకుండా ఎంటర్ నొక్కుతారు. మొత్తం ప్రోగ్రామును ఒక్క ట్రై-క్యాచ్‌లో చుట్టి "తప్పు ఇన్‌పుట్" అని చూపించడం ల్యాబులో చెల్లిపోతుంది గానీ, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ముక్కలు చేసేటప్పుడే ప్రతి టోకెన్‌తో పాటు అది వరుసలో ఎన్నో స్థానంలో మొదలైందో దాచుకోవాలి. ఒక్క ఇంట్ ఫీల్డు అదనం, అంతే. అప్పుడు "12+*3"కి ప్రోగ్రాము ఆ వరుసను మళ్లీ చూపి, గుణకారం గుర్తు కింద చిన్న బాణం పెట్టి, ఇలా అడగగలుగుతుంది: "4వ అక్షరం దగ్గర సంఖ్య ఉండాలి, * కనిపించింది. ప్లస్ తర్వాత ఏదైనా సంఖ్య మరిచిపోయారా?"